పౌడరు రాసిన జ్వరం

వీడియో కాల్‌కి ముందు రామసుబ్బమ్మ కూతురి ముఖానికి పౌడరు రాసింది. బొట్టు దిద్దింది. జడ భుజం మీంచి ముందుకు వేసి మల్లెచెండు తురిమింది. వీపు వెనక రెండు దిండ్లు పెట్టి కూర్చోబెట్టింది.

"నవ్వు," అంది.

జ్ఞానప్రసూన నవ్వింది. పెదాలు మాత్రమే కదిలాయి.

"సరిగ్గా నవ్వవే. మీ అత్తగారు కళ్ళజోడు పెట్టుకుని మరీ చూస్తది."

"అమ్మా, చలి మొదలైంది."

రామసుబ్బమ్మ గడియారం వైపు చూసింది. ఇంకా పదిన్నరే. జ్వరం రోజు విడిచి రోజు, మధ్యాహ్నం భోజనాలయ్యాక వచ్చి, సాయంత్రానికి ఒళ్ళంతా చెమటలు పోయించి వెళ్ళేది. జ్వరం రాని రోజు పొద్దున్నే వియ్యాలవారికి తనే ఫోన్ చేసేది. ఇవాళ రాకూడని రోజు. పైగా రాకూడని వేళ.

"కొంచెం ఓర్చుకో తల్లీ. రెండు ముక్కలు మాట్లాడి పెట్టేద్దాం."

ప్రసూనకు ఏడో నెల. తొలిచూలు. హనుమకొండలో సీమంతం జరిగిన రోజున, పదిమంది చుట్టాల మధ్య, అత్తగారు వరలక్ష్మి ఒక మాట అంది. "పురుటికి మీ ఊరు కొంటా వద్దు వదినగారూ. ఇది వానాకాలం. అక్కడ అడవి జ్వరాలు. శబరి నది పొంగితే దారి ఉండదు. పురుడు ఇక్కడే పోయిద్దాం."

రామసుబ్బమ్మకు ఒళ్ళు మండిపోయింది. తొలి పురుడు పుట్టింట్లో కాకుండా ఎక్కడైనా ఉందా? "మా నీళ్ళు తాగి పెరిగిన పిల్లనే కదా మీరు కోడలిగా తెచ్చుకున్నది," అంది. "మాది కొంటా రక్తం వదినగారూ. అక్కడి జ్వరం మమ్మల్నేం చేయదు. చిన్నప్పుడు ఏటా వచ్చేది, ఏటా పోయేది."

చుట్టాలంతా విన్నారు. అల్లుడు నరసింహులు తల వంచుకున్నాడు. ప్రసూన తల్లి వెంట బస్సెక్కింది. కొంటాకి వచ్చిన నెల తిరక్కుండానే జ్వరం మొదలైంది.

ఆ సంగతి వియ్యాలవారికి తెలిస్తే ఇంకేమైనా ఉందా? రామసుబ్బమ్మ దాన్ని కడుపుతో ఉన్నప్పటి వేడి అంది. జీలకర్ర కషాయం పెట్టింది, పలుచటి మజ్జిగ తాగించింది. మొన్న మలేరియా జాంచ్ వాళ్ళు, రక్తపరీక్ష కోసం, వీధిలో ఇంటింటికీ తిరుగుతూ వస్తే, కూతుర్ని లోపలి గదిలో ఉంచి తలుపు దగ్గరికి వేసింది. "ఇంట్లో నేనొక్కదాన్నే. మా ఆయన భేజ్జి సంతకు పోయిండు," అని తన వేలు మాత్రం చాపింది. వాళ్ళు ఒక చుక్క రక్తం తీసి చూసి, ఏమీ లేదని చెప్పి వెళ్ళిపోయారు. చూశారా, అనుకుంది. కొంటా రక్తం!

తను చేసేలోపే ఫోన్ మోగింది. అటునుంచి వరలక్ష్మి ముఖం తెరనిండా వచ్చింది.

"ఎట్లున్నవే ప్రసూనా?"

"బాగున్న అత్తయ్యా."

"తింటున్నవా? ముఖం పీక్కపోయినట్టుందేంది?"

"లైటు అట్ల పడుతుంది వదినగారూ," అంటూ రామసుబ్బమ్మ ఫోను కొంచెం వెనక్కి జరిపింది.

ప్రసూన దవడలు కొట్టుకోవడం మొదలైంది. పళ్ళ చప్పుడు రామసుబ్బమ్మకు వినిపించింది. అటు వరలక్ష్మికీ వినిపించే ఉంటుంది. "ఏందా చప్పుడు?" అంది.

రామసుబ్బమ్మ బొటనవేలు కెమెరా మీద పెట్టేసింది. "హలో! హలో వదినగారూ! వాన కదా, సిగ్నల్ పోతుంది. మళ్ళీ చేస్తా!"

ఫోను మంచం మీద పడేసి కూతురి మీద రెండు దుప్పట్లు కప్పింది. మంచం కోళ్ళు టకటకలాడుతున్నాయి. దుప్పటి రాసుకుని పౌడరు చెదిరి ముఖమంతా పిండి పిండిగా అయిపోయింది.

సరిగ్గా అప్పుడే పెరటి తలుపు తోసుకుని ఆయతి వచ్చింది.

ఆయతి పక్క ఊరి రైతుబిడ్డ. ప్రసూన ఈడుదే. చిన్నప్పుడు తండ్రి వెంట ఇప్పపువ్వు బుట్టతో ప్రసూన వాళ్ళ దుకాణానికి వచ్చేది, ఇద్దరూ ఉప్పు బస్తాల మీదెక్కి దూకేవాళ్ళు. ప్రసూన చదువుకి వరంగల్ వెళ్ళి, ఉద్యోగం, పెళ్ళి అన్నీ అక్కడే అయిపోయి తొమ్మిదేళ్ళు ఇటు సరిగా రాలేదు. స్నేహితురాలు పురుటికొచ్చిందని తెలిసి ఆయతి ఇవాళ కూరకు లేత వెదురు కొమ్ములు తెచ్చింది. చేతిలో బుట్ట, నెత్తిమీద పాలిథిన్ పట్టా, కాళ్ళనిండా బురద.

"పసూనా! ఎంత పొట్టే నీది..." అంటూ లోపలికొచ్చి ఆగిపోయింది. బుట్ట కింద పెట్టి ప్రసూన మెడ మీద చెయ్యి వేసింది. వెంటనే తీసేసింది.

"అమ్మా, ఇది ఎన్నాళ్ళ సంది?"

"ఏం లేదే. వేడి చేసింది."

"వేడికి దుప్పట్లెందుకమ్మా?"

రామసుబ్బమ్మ విననట్టు కషాయం గిన్నె అందుకుంది. ప్రసూన దుప్పటిలోంచి చెయ్యి తీసి ఆయతి మణికట్టు పట్టుకుంది. మాట గుసగుసగా వచ్చింది. "ఆయతీ, నిన్న రాత్రి నుంచి లోపల బిడ్డ కదల్లేదే."

గిన్నె రామసుబ్బమ్మ చేతిలోనే ఆగిపోయింది. కూతురు ఈ ముక్క తనకు చెప్పలేదు. ఎందుకు చెప్పలేదో ఆమెకు తెలుసు. అమ్మ మాట పోతుందని.

"నిద్రపోతున్నడేమో," అంది. "చలికి ముడుచుకున్నడు. వాన తగ్గినాక చూద్దాం. మీ నాన్న దుకాణం కట్టేసి రానీ."

"అమ్మా," అంది ఆయతి, "నాకు మొదటిసారి కడుపైనప్పుడు మా అత్త గిట్లనే అన్నది. ఆయతికేంది, అడవిల పుట్టింది, దానికి జరమేంది అన్నది. నాకు పెద్ద జరం గూడా రాలే. నడుస్తనే ఉన్న, నాట్లేస్తనే ఉన్న. ఓనాడు బిడ్డ కదలడం ఆగింది. రేపు దవాఖానకు పోదాం అన్నరు."

"పోయాక?" రామసుబ్బమ్మ అడిగింది.

"పోయేసరికి ఏం లేదమ్మా."

అంతే చెప్పింది. ఏడవలేదు కూడా. ప్రసూనను భుజాలు పట్టుకుని లేపి కూర్చోబెట్టింది.

రామసుబ్బమ్మ తన చేతుల వైపు చూసుకుంది. వేళ్ళకు ఇంకా పౌడరు ఉంది. చీరకు తుడుచుకుని, చెప్పులు కూడా వేసుకోకుండా ముందు గది దాటి, దుకాణంలోకి పరుగెత్తింది.

"ఏమండీ! బండి తియ్యండి!"

ఆమె భర్త శ్రీరంగం అప్పుడే ఎవరికో నూనె కొలుస్తున్నాడు. అరవైకి దగ్గరపడ్డ మనిషి. వారం వారం పికప్ వ్యాన్‌లో ఉప్పూ నూనే బట్టలూ వేసుకుని భేజ్జి సంతకు తనే నడుపుకుంటూ వెళ్తాడు. అక్కడే టార్పాలిన్ కింద నిద్రపోయి వస్తాడు. కూతురికి ఒంట్లో వేడి అని మాత్రమే తెలుసు.

"ఎందుకంత గాభరా? నా కూతురే అది. నేనెన్నడైనా జరంతో పడుకున్ననా?"

"బిడ్డ కదలట్లేదంట!"

నూనె కొలత పాత్ర డబ్బాలో పడిపోయింది. శ్రీరంగం తాళాల కోసం జేబులు తడుముకుంటుంటే, కొనడానికి వచ్చిన మనిషే గల్లా మీద ఉన్న తాళాలు తీసి అతని చేతిలో పెట్టాడు.

వాన కొడుతోంది. వైపర్ ఒకటే పని చేస్తోంది. ముందు సీట్లో తల్లీ కూతురూ, వెనక ఉప్పు బస్తాల మధ్య పాలిథిన్ కప్పుకుని ఆయతి. భద్రాచలం వైపు రోడ్డు నీళ్ళలో మునిగిందని పొద్దున్నే చెప్పుకున్నారు. ఊళ్ళో ఆసుపత్రే దిక్కు. ఆవులు రోడ్డు మధ్య నిలబడి తడుస్తున్నాయి. శ్రీరంగం హారన్ మీంచి చెయ్యి తియ్యలేదు.

"కదిలిందా?" అని రామసుబ్బమ్మ అడిగింది.

ప్రసూన తల అడ్డంగా ఊపింది.

ఆసుపత్రిలో దేవే అనే డాక్టరమ్మ ఉంది. భోపాలపట్నం అవతల తర్లగూడ పిల్ల. తెలుగూ గోండీ హిందీ ఒకే ఊపిరిలో మాట్లాడుతుంది. ప్రసూనను చూసిన క్షణమే చేతిలో ఉన్న టీ గ్లాసు పక్కన పెట్టింది. కంటి రెప్ప కిందికి లాగి చూసింది. తెల్లగా ఉంది.

"బుఖార్... జ్వరం ఎప్పట్నుంచి?"

ప్రసూన తల్లి వైపు చూసింది. రామసుబ్బమ్మ ఇక దాచలేదు. "రెండు వారాల సంది డాక్టరమ్మా. నేనే ఎవరికీ చెప్పలే. మీవాళ్ళు జాంచ్‌కి వస్తే పిల్లను లోపల దాచిన."

దేవే ప్రసూన వేలు పొడిచి, రక్తం చుక్కను తెల్లటి చిన్న అట్ట మీద వేసి, దాని మీద మందు చుక్కలు వేసింది. ఒక గీత వస్తే ఏమీ లేదు. రెండు వస్తే మలేరియా. అట్టను నర్సుకి ఇచ్చి, ప్రసూన పొట్ట మీద జెల్లు రాసి, గుండె చప్పుడు వినిపించే చిన్న యంత్రం పెట్టింది.

బరబర శబ్దం. రేడియోలో స్టేషను దొరకనట్టు.

దేవే యంత్రాన్ని కొంచెం కిందికి జరిపింది. బరబర. ఎడమకు జరిపింది. టక్, టక్, అని నెమ్మదిగా ఏదో వినిపించింది. రామసుబ్బమ్మ ముందుకు వంగింది.

"అది తల్లిది," అంది దేవే.

శ్రీరంగం గోడ వైపు తిరిగిపోయాడు. ఆయతి గుమ్మం దగ్గర నిలబడి పైట చెంగు నోట్లో కుక్కుకుంది. యంత్రం పొట్ట కుడి పక్కకు, నడుము దాకా వెళ్ళింది. బరబర. బరబర.

అప్పుడు వచ్చింది. సన్నగా, గబగబా, మట్టిరోడ్డు మీద మేకపిల్ల పరుగెత్తినట్టు. దేవే చెయ్యి అక్కడే బిగించి చప్పుడు పెంచింది. గదంతా ఆ పరుగే.

"ఇదిగో! ఇది మీ మనవడో మనవరాలో," అంది. "కొంచెం ఎక్కువ ఉరుకుతుంది. అమ్మకి జ్వరం కదా. కానీ ఉంది. బాగానే ఉంది."

రామసుబ్బమ్మ పక్కనున్న స్టూలు మీద కూర్చోబోయి నేల మీద కూర్చుంది. ఎవరూ నవ్వలేదు. నర్సు అట్ట తెచ్చి చూపించింది. రెండు గీతలు.

సూది మందు ఎక్కించారు. సెలైన్ పెట్టారు. రక్తం మరీ తక్కువుంటే ఎక్కించాల్సి వస్తుందేమోనని శ్రీరంగాన్ని సిద్ధంగా ఉండమన్నారు. అంత అవసరం పడలేదు. సాయంత్రానికి ప్రసూనకు చెమట పట్టింది. ఈసారి చెమట తరవాత మళ్ళీ చలి రాలేదు.

తెల్లారి ఆయతి ఆకులో కట్టి ఇడ్లీలు తెచ్చింది. ప్రసూన రెండో ఇడ్లీ తుంచుతూ ఆగిపోయింది. పొట్ట మీద చెయ్యి పెట్టుకుంది. ముఖమంతా విచ్చుకుంది.

"తన్నిండు."

"ఏదీ?" అంటూ రామసుబ్బమ్మ చెయ్యి పెట్టింది. గట్టిగా, అరచేతి మధ్యలోకి ఒక తన్ను తగిలింది. కోపంగా ఉన్నాడనిపించింది. ఉండనీ. ఎంత కోపమైనా ఉండనీ.

దేవే రౌండ్‌కి వచ్చి ఆ సంబరం చూసి, "ఇప్పుడు మీ పని," అంది రామసుబ్బమ్మతో, శ్రీరంగంతో. "దోమ ఎక్కడో ఒకచోట ఈ జబ్బు తాగి వచ్చి ఈ అమ్మాయిని కుట్టింది. ఇంట్లో అందరి వేళ్ళూ చూడాలి."

రామసుబ్బమ్మకు ఒక గీత. శ్రీరంగం నవ్వుతూ వేలు చాపాడు. "మీ అట్ట దండగ డాక్టరమ్మా. నేను గుండ్రాయి లెక్క ఉన్న."

రెండు గీతలు వచ్చాయి.

అతను అట్టను తిప్పి తిప్పి చూశాడు. "ఇది పిల్లది కాదు గదా? కలిసిపోయిందేమో!"

"మీదే సేట్‌జీ."

"నాకు జరమే లేదు. నిన్న రెండు ఉప్పు బస్తాలు మోసిన!"

"అదే సంగతి," అని దేవే మంచం అంచున కూర్చుంది. "సంతలో జేబుదొంగలు ఉంటరు కదా. ఏటా అదే సంతకు పోయే మీకు వాళ్ళ ముఖాలు తెలుసు. దొంగ దగ్గరికొస్తే చెయ్యి పట్టుకుంటరు. సంతలోంచి పూర్తిగా తరమలేరు, కానీ పెద్ద దొంగతనం చెయ్యనియ్యరు. మీ ఒంట్లో రోగనిరోధక శక్తి అట్లాంటిది. రక్తంలో తెల్లకణాలు, అవి తయారుచేసే ప్రతిరోధకాలు ఈ మలేరియా పురుగును ఎన్నోసార్లు చూసి గుర్తుపట్టినయి. అందుకే పురుగు ఉంది, జ్వరం లేదు. కానీ మిమ్మల్ని కుట్టిన దోమ మాత్రం ఆ పురుగును మోసుకుపోతది."

"మరి పిల్ల? అది కూడా ఇక్కడే పుట్టిన కొంటా రక్తం గదా, తొమ్మిదేళ్ళు బయటుంటే మాత్రం?" రామసుబ్బమ్మ అడిగింది. అడుగుతున్నప్పుడే గొంతు తగ్గింది.

"చిన్నప్పుడు ప్రసూన ఒంటికీ ఆ ముఖాలు తెలుసు. తొమ్మిదేళ్ళు సంతకే పోకపోతే? కాపలావాళ్ళు తగ్గిపోతరు, గుర్తు మసకబారుతది. మలేరియా విషయంలో ఒంటికి మతిమరుపు ఎక్కువ. కొంటా రక్తమని వేరే ఏం లేదమ్మా. రోజూ చూసే కాపలా ఉంది, చూడని కాపలా ఉంది, అంతే."

ఆయతి గుమ్మం దగ్గర్నుంచి అడిగింది. "నేను యాడికీ పోలేదు గదా డాక్టరమ్మా. ఈడనే ఉన్న. మరి నా మొదటి బిడ్డ?"

దేవే లేచి ఆమె దగ్గరికి వెళ్ళింది.

"మాయ ఉంటది చూడు, కడుపులో బిడ్డకు తిండి పంపేది. తొలిచూలులో అది ఒంటికి కొత్త సందు. ఆ పురుగు అక్కడికి చేరి, అంగీ మార్చుకుని దాక్కుంటది. ఆ అంగీలో దాన్ని నీ ఒళ్ళు అంతకుముందు ఎన్నడూ చూడలే. పైకి జ్వరం లేకపోయినా లోపల బిడ్డకు తిండి అందదు. నీకు జరిగింది అదే అయ్యుండొచ్చు. ఒకసారి చూసినాక ఒళ్ళు ఆ అంగీని కూడా గుర్తుపెట్టుకుంటది. తర్వాత కడుపులకు అంత ప్రమాదం ఉండదు."

"నాకు తర్వాత ఇద్దరున్నరు. గట్టిగున్నరు."

"ఉంటరు మరి."

"మా అత్తేమో నేను దాటరాని చోటు దాటిన అన్నది. ఇన్నేండ్లు నేను గూడా గదే అనుకున్న."

"నువ్వేం దాటలేదు ఆయతీ. నీ తప్పు ఏం లేదు."

ఆయతి తల ఊపింది. మళ్ళీ ఊపింది. తరవాత వరండాలోకి వెళ్ళి, స్తంభం పట్టుకుని, వానను చూస్తూ గట్టిగా ఏడ్చింది. రామసుబ్బమ్మ వెనకే వెళ్ళి పక్కన నిలబడింది. ఇద్దరూ లోపలికి వచ్చేసరికి ఆయతి ముఖం కడిగినట్టు తేటగా ఉంది.

శ్రీరంగం మాత్రలు నర్సు ఎదుటే మింగాడు. "నా ఇంట్లోకి దొంగను నేనే బండెక్కించుకొచ్చిన," అని గొణిగాడు.

"వ్యాన్‌లో టికెట్ లేకుండా," అంది మంచం మీంచి ప్రసూన. జబ్బుపడ్డాక ఆమె వేసిన మొదటి జోకు అది.

ఆ మధ్యాహ్నం రామసుబ్బమ్మ హనుమకొండకు తనే వీడియో కాల్ చేసింది. ఈసారి పౌడరు లేదు. కూతురి చేతికి సూది, రేగిన జుట్టు, పక్కన సెలైన్ స్టాండు, అన్నీ తెరమీదికి వచ్చేలా ఫోను పట్టుకుంది. మొత్తం చెప్పింది. కషాయం, తలుపు దగ్గరికి వేయడం, కెమెరా మీద బొటనవేలు, ఏదీ వదల్లేదు.

వరలక్ష్మి కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకుంది. రామసుబ్బమ్మ తల వంచుకుని కాచుకుంది. ఏ మాటైనా పడటానికి సిద్ధపడింది.

"పొద్దున్నే పురుటికొచ్చిన పిల్లకి అంత పౌడరెందుకా అని నేను ముందే అనుకున్న వదినగారూ," అంది వరలక్ష్మి. "అడిగితే మీకు కోపమొస్తదని ఊరుకున్న. మీరు మీ మాట కోసం దాచిండ్రు, నేను నా మర్యాద కోసం అడగలే. ఇద్దరం కలిసి పిల్లను చంపుకునేటోళ్ళం." ఆమె ముక్కు చీదింది. "బిడ్డ కదులుతుండా?"

"తన్నుతుండు వదినగారూ. మీకు వినిపిస్తా, ఉండండి."

దేవేని బతిమాలి యంత్రం తెప్పించింది. ఫోను పొట్ట దగ్గర పెట్టింది. మేకపిల్ల పరుగు హనుమకొండ దాకా వెళ్ళింది.

ఆశ్వయుజంలో పాప పుట్టింది. దోరజామకాయ రంగు, తాతయ్య ముక్కు. పుట్టగానే ఆసుపత్రి దద్దరిల్లేలా ఏడ్చింది. "అమ్మ ఒంట్లోని కాపలావాళ్ళు కొందరు బొడ్డుతాడు గుండా పాప వెంట వచ్చిండ్రు," అని చెప్పింది దేవే. "కొన్ని నెలలు వాళ్ళు చూసుకుంటరు. తర్వాత సొంత కాపలా తయారవుతది. దోమతెర మాత్రం మీ పని."

బారసాల రోజున వరలక్ష్మి, నరసింహులు మధ్యాహ్నం బస్సుకి దిగారు. అదే రోజు మలేరియా జాంచ్ వాళ్ళ రెండో విడత. వాళ్ళు వీధి మొదట్లో కనిపించగానే రామసుబ్బమ్మ ఎదురెళ్ళి చెయ్యి పట్టుకుని తీసుకొచ్చింది. వసారాలో చాప వేసి కూర్చోబెట్టింది. వచ్చిన చుట్టాలందరినీ వరసగా పట్టుకొచ్చి వాళ్ళ ముందు కూర్చోబెడుతోంది. శ్రీరంగం అందరికంటే ముందే వేలు చాపాడు. ఒక గీత. దాన్ని పట్టుకుని ఇల్లంతా తిప్పి చూపించాడు. మాత్రల గురించి ఎవరూ అడగకపోయినా చెప్పాడు.

వరలక్ష్మి తిన్నగా ఉయ్యాల ఉన్న గదిలోకి వెళ్ళబోయింది. గుమ్మంలో రామసుబ్బమ్మ అడ్డంగా నిలబడి ఉంది.

"నాకెందుకు వదినగారూ? మాది హనుమకొండ. నేను బస్సు దిగి ఇంకా అరగంట కాలే."

"చెయ్యి చాపండి," అంది రామసుబ్బమ్మ. "ఈ ఇంట్లో వియ్యపురాలికి ఇదే మొదటి మర్యాద."

వరలక్ష్మి గాజులు వెనక్కి తోసుకుని, చాప మీద కూర్చుని, వేలు చాపింది. లోపల దోమతెర కింద పాప నిద్ర లేచింది. ఆయతి తెర అంచు ఎత్తి, పాపను చేతుల్లోకి తీసుకుని, ఊపుతూ తన ఇంటి భాషలో ఏదో పాడుతోంది.